కంచం గదిలోకి తెచ్చుకోకు

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాన్నగారికి రొయ్యల చెరువులున్నాయి. సెప్టెంబరులో డిగ్రీ చదవడానికి ఇంగ్లాండ్ వెళ్తున్నాను. యూనివర్సిటీ హాస్టల్ ఫారంలో 'క్యాటర్డ్' కావాలా, 'సెల్ఫ్ క్యాటర్డ్' కావాలా అని అడిగారు. నాకు వంట రాదు కాబట్టి భోజనం పెట్టేదే తీసుకోమంటోంది అమ్మ. దానికి ఖర్చెక్కువ, వండుకోవడం నేర్చుకోమంటున్నారు నాన్నగారు. అదే ఊళ్ళో మాస్టర్స్ చేస్తున్న మా పెద్దమ్మ కొడుకేమో, తన క్లాసులోని తెలుగమ్మాయిలు నలుగురు కలిసి ఇల్లు తీసుకున్నారని, అందులో ఒక గది ఖాళీగా ఉందని చెబుతున్నాడు. నా భయం వేరే. నాకు తొందరగా స్నేహాలు కుదరవు. ఇంటర్ రెండేళ్ళూ విజయవాడ హాస్టల్లో ఉన్నా ఒక్క స్నేహితురాలు కూడా మిగల్లేదు. కంచం గదికి తెచ్చుకుని ఫోన్ చూస్తూ తినేదాన్ని. అక్కడ కూడా అలాగే అయిపోతానేమోనని టెన్షన్‌గా ఉంది. ఎక్కడ ఉంటే నలుగురితో కలుస్తాను?

జవాబు: అమ్మా, ఉత్తరమంతా వంట గురించి, ఖర్చు గురించి రాసి, చివర్లో కంచం గదికి తెచ్చుకునేదాన్నని ఒక్క మాట రాశావు. నాకు ఆ మాట దగ్గరే జవాబు దొరికింది. మొదటి ఏడాదికి క్యాటర్డ్ తీసుకో. మీ అమ్మగారు కూడా అదే చెప్పారు గానీ, నా కారణం వేరు.

ముందుగా ఇంటర్ సంగతి. తెల్లవారుజామున లేపి రాత్రి దాకా చదివించే హాస్టల్లో స్నేహానికి ఖాళీ ఎక్కడిది? అక్కడ స్నేహితులు దొరకలేదని నీలో ఏదో లోపం ఉందనుకోకు. కాకపోతే అక్కడ ఒక అలవాటైంది. నాకు దిగులంతా ఆ అలవాటు గురించే.

సెల్ఫ్ క్యాటర్డ్ అంటే మామూలుగా ఐదారుగురో, ఎనిమిదిమందో ఉండే ఫ్లాట్. ఎవరి గది వాళ్ళది. చాలాచోట్ల బాత్రూమ్ కూడా గదిలోనే ఉంటుంది. వంటిల్లు ఒక్కటే ఉమ్మడి, ఫ్రిజ్‌లో తలా ఒక అర. ఆ ఫ్లాట్‌లో ఎవరుంటారో యూనివర్సిటీయే తేలుస్తుంది. అదృష్టం బాగుంటే ఆ వంటింటి బల్ల దగ్గర అర్ధరాత్రి దాకా కబుర్లు నడుస్తాయి, జన్మంతా నిలిచే స్నేహాలూ పుడతాయి. అది అబద్ధం కాదు. కానీ ఒకమ్మాయి ఐదింటికే వండుకుని వెళ్ళిపోతుంది, ఇంకో అబ్బాయి పదింటికి వస్తాడు, మరొకరు రోజూ బయటి నుంచి తెప్పించుకుంటారు. ఆరుగురిలో నువ్వు పోగా ఐదుగురు. ఇద్దరితో పొసగలేదనుకో, మిగిలింది ముగ్గురే. గదిలోనే బాత్రూమ్ ఉన్న మనిషి, కంచం గదికి తెచ్చుకునే అలవాటున్న మనిషి, రెండు రోజులు ఎవరి మొహమూ చూడకుండా గడిపేయగలదు.

క్యాటర్డ్‌లో కూడా గది నీదే. కానీ పొద్దున టిఫిను, రాత్రి భోజనం డైనింగ్ హాల్లో పెడతారు. చాలా చోట్ల ఇది సోమవారం నుంచి శుక్రవారం దాకానే. శని, ఆదివారాలు ఎలాగో మీ హాస్టల్ వాళ్ళని అడుగు, ఒక్కోచోట ఒక్కో పద్ధతి. రాత్రి భోజనానికి సాయంత్రం రెండు గంటలో మరికొంచెం ఎక్కువో టైమిస్తారు. తినాలంటే ఆ వేళకి కిందికి దిగాల్సిందే. నీకు కావలసింది అదే.

నేను సఖినేటిపల్లి వైపు పుట్టాను. కాలేజీకి రోజూ పంటు, అంటే రేవు దాటించే పెద్ద పడవ, ఎక్కి వశిష్ఠ గోదావరి దాటి నరసాపురం వెళ్ళేదాన్ని. నాకూ నోట్లోంచి మాట వచ్చేది కాదు. కానీ ఎనిమిదింటి పంటుకి రోజూ అదే పాలాయన, అదే టీచరమ్మ, అదే లేసు బుట్టల ముసలావిడ. ఎవరూ ఎవరికీ పరిచయం చేయలేదు. వారానికి తలూపుకున్నాం, నెలకి 'నిన్న రాలేదేం?' అని ఒకరినొకరం అడిగాం. నాకు జ్వరమొస్తే ఆ ముసలావిడ మా ఊరమ్మాయితో కబురు పంపించింది. మాటకారితనం లేని వాళ్ళకి స్నేహం ఇలాగే వస్తుంది, ఒకే మొహాన్ని పదే పదే చూడ్డం వల్ల. డైనింగ్ హాలు నీకు ఎనిమిదింటి పంటు లాంటిది. అందుకే రోజుకో వేళకి కాకుండా రోజూ ఒకే వేళకి వెళ్ళు, కుదిరితే ఒకే మూలన కూర్చో.

మొదటి రోజు భయమేస్తుంది. ట్రే పట్టుకుని వందమంది మధ్యలో ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డం ఎవరికైనా కష్టమే. కాబట్టి ఒంటరిగా వెళ్ళకు. పక్క గది తలుపు తట్టి, భోజనానికి వెళ్తున్నాను, వస్తావా అని అడుగు. నీ ఇంగ్లీషుకి ఆ ఒక్క వాక్యం చాలు. మొదటి వారంలో ఎవరికీ ఎవరూ తెలియదు, తలుపు తట్టిన నిన్ను చూసి వాళ్ళే ఊపిరి పీల్చుకుంటారు. నెల దాటితే గుంపులు కట్టేస్తారు. అప్పుడూ చేరొచ్చు గానీ, శ్రమ ఎక్కువ. అందుకని మొదటి మూడు వారాలు బద్ధకించకు. విద్యార్థి సంఘంలో బ్యాడ్మింటన్ దగ్గర్నుంచి ఫొటోగ్రఫీ దాకా బోలెడు క్లబ్బులుంటాయి. వారం వారం కలిసేది ఒక్కటి చూసుకో. పది క్లబ్బుల్లో పేరిచ్చి దేనికీ వెళ్ళకపోవడం కంటే అదే మేలు.

ఆ మొదటి వారంలో తాగుడు కూడా కనిపిస్తుంది. నీకిష్టం లేకపోతే జ్యూస్ పట్టుకుని కూర్చో, ఎందుకని ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు. పబ్‌కి వెళ్ళకపోయినా రోజూ నలుగురు కనబడే చోటు డైనింగ్ హాలు, క్యాటర్డ్ అనడానికి నాకు అదీ ఒక కారణమే.

తిండి విషయంలో నిన్ను మభ్యపెట్టను. బంగాళాదుంపలు, పాస్తా, ఉప్పూకారం లేని కూరలు. రెండో వారానికి నాలుక మొరాయిస్తుంది. గొడ్డుమాంసం, పందిమాంసం కూడా ఉంటాయి. వడ్డించే చోట పేర్లు రాసి ఉంటాయి, అనుమానమొస్తే మొహమాటపడకుండా అడుగు. శాకాహారం వంటకం కూడా పెడతారు. గదులున్న అంతస్తులో మైక్రోవేవ్, ఫ్రిజ్ ఉన్న చిన్న వంటగది ఉందో లేదో ఫారం నింపే ముందే కనుక్కో. అది ఉంటే వారానికి రెండుసార్లు అన్నం వండుకుని కందిపొడో, ఆవకాయో కలుపుకోవచ్చు. అమ్మగారు ప్రేమకొద్దీ నెయ్యి, పాలకోవా, కోడిమాంసం పచ్చడి సర్దుతారేమో, వద్దని చెప్పు. మన దేశం నుంచి పాలతో చేసినవీ మాంసంతో చేసినవీ బ్రిటన్‌లోకి తీసుకెళ్ళనివ్వరు.

ఇక నాన్నగారి మాట. చెరువుల మీద బతికే ఇంట్లో డబ్బు ఎలా వస్తుందో, ఎలా పోతుందో నాకు తెలుసు. ఆయన భయాన్ని తేలిగ్గా తీసుకోకు. కూర్చుని లెక్క వెయ్యండి. రెండు అద్దెలూ ఎన్నెన్ని వారాలకో చూడండి, చాలాసార్లు ఒకటి కాదు. వారానికి తేడా ఎంతో తేల్చి, వారం సరుకులకి ఎంతవుతుందో పక్కన రాయండి. మధ్యాహ్నం తిండి ఎక్కడున్నా నీదే. క్రిస్మస్, ఈస్టర్ సెలవుల్లో క్యాటర్డ్‌లో కూడా సాధారణంగా భోజనం పెట్టరు. అప్పుడు గదిలో ఉండనిస్తారో లేదో కూడా అడుగు. ఇంత లెక్క వేశాక కూడా భారమే అనిపిస్తే అప్పు చేయించి క్యాటర్డ్ తీసుకోకు. సెల్ఫ్ క్యాటర్డ్‌కే వెళ్ళు. కానీ ఒక్కరే ఉండే స్టూడియో గది తీసుకోవద్దు. ఎక్కువమంది ఉండే ఫ్లాట్ అడుగు, బాత్రూమ్ ఉమ్మడిదైనా పర్లేదు, అద్దె కూడా తగ్గుతుంది. మొదటి వారం గదిలో ఉన్నంతసేపు తలుపు తీసి ఉంచు. రోజూ ఒకే వేళకి వండుకుని వంటింటి బల్ల మీదే తిను. పోపు పొగకి అక్కడ ఫైర్ అలారం మోగుతుంది, బిల్డింగంతా చలిలో బయటికి రావాల్సి వస్తుంది. ఫ్యాన్ వేసి, సన్నటి మంట మీద పోపు పెట్టడం ఇక్కడే నేర్చుకుని వెళ్ళు.

అన్నయ్య చెప్పిన ఇల్లు నాకు నచ్చలేదు. ఆ అమ్మాయిలు మంచివాళ్ళు కాదని కాదు. పరాయి దేశంలో తెలుగు వినబడే ఇల్లుండటం ఎంత ధైర్యమో! ఆదివారం వెళ్ళు, పప్పుచారు తిను, బెంగగా ఉంటే వాళ్ళ దగ్గర ఏడు. కాపురం మాత్రం అక్కడ పెట్టకు. వాళ్ళది మాస్టర్స్, అక్కడ చాలావరకు ఏడాది చదువు. నీది మూడేళ్ళు. నువ్వు రెండో ఏటికి వచ్చేసరికి వాళ్ళు ఆ ఊళ్ళోనే ఉండకపోవచ్చు. స్టూడెంట్ వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటల దాకా పని చేసుకోవచ్చు. చాలామంది సాయంత్రాలు పనికి వెళ్తారు. నువ్వు క్లాసు నుంచి వచ్చేసరికి ఆ ఇంట్లో లైటు కూడా వెలగకపోవచ్చు.

రెండో ఏడాది ఎలాగూ హాస్టల్ వదలాల్సి రావచ్చు. అక్కడ పిల్లలు నవంబరు, డిసెంబరు నుంచే నలుగురైదుగురు కలిసి వచ్చే ఏటికి ఇల్లు వెతుక్కుంటారు. డైనింగ్ హాల్లో నీ పక్కన కూర్చున్నవాళ్ళే అప్పుడు నీ ఇంటివాళ్ళవుతారు, ఆ ఇంట్లో వండుకోవాల్సిందీ మీరే. అందుకని ఈ లోపు అన్నం, పప్పు, కోడిగుడ్డు కూర, దుంపల వేపుడు అమ్మ పక్కన నిలబడి నేర్చుకో. నాన్నగారు చెప్పింది ఒక ఏడాది ఆలస్యంగా జరుగుతుంది, అంతే.

వెళ్ళగానే దగ్గర్లోని డాక్టరు దగ్గర పేరు నమోదు చేయించుకో. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది, మనవాళ్ళకి అది మనసు మీద పడుతుంది. రెండు మూడు వారాలు తిండి సహించక, నిద్ర పట్టక, ఏడుపొస్తూ ఉంటే దాచుకోకు. యూనివర్సిటీలో కౌన్సెలర్లు ఉంటారు, వాళ్ళని కలువు.

ఇంకొక్కటి అమ్మగారితో ముందే మాట్లాడుకోవాలి. అక్కడ సాయంత్రం ఆరంటే సెప్టెంబరులో మనకి రాత్రి పదిన్నర. అక్టోబరు ఆఖరి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి జరుపుతారు, అప్పట్నుంచి పదకొండున్నర. ఇంట్లో పనులన్నీ ముగించుకుని, పడుకునే ముందు బిడ్డ మొహం చూద్దామని అమ్మగారు వీడియో కాల్ చేసేది సరిగ్గా నీ భోజనం వేళకే. నువ్వు మళ్ళీ కంచం పట్టుకుని, ఫోన్ ఆనించుకుని గదిలో కూర్చుంటావు, ఈసారి అమ్మ కోసం. ఆవిడని నీ మధ్యాహ్నం ఒంటిగంటకి చేయమను. ఇక్కడ అప్పటికి సాయంత్రం ఐదున్నరో, ఆరున్నరో. ఆ వేళకి నాన్నగారు కూడా చెరువు మీద నుంచి వచ్చేసి ఉంటే, ఇద్దరూ ఒకేసారి మాట్లాడొచ్చు.