ప్లాస్టరింగ్ రెండు రోజులు ఆపు బిడ్డా

బిడ్డా,

నువ్వు పంపిన మీ కొత్త ఇంటి ఫొటోలు రాత్రి రెండుసార్లు చూశాను. గోడలకు గాడులు కొట్టారు, కరెంటు వైర్ల పైపులు పెట్టారు, వచ్చే వారం ప్లాస్టరింగ్ అంటున్నావు. అల్లుడు పుణెలో ఉండి నువ్వొక్కదానివే దేవరకొండలో మేస్త్రీలతో, సిమెంటుతో, నీళ్ల ట్యాంకర్లతో పడుతున్నావు, ఆ టెన్షన్ నాకు తెలుసు. అయినా చెప్తున్నా, ఆ ప్లాస్టరింగ్ రెండు రోజులు ఆపు. టైల్స్ నచ్చకపోతే తర్వాత మార్చుకుంటావు, రంగు నచ్చకపోతే మళ్లీ వేయించుకుంటావు. గోడలో కలిసిపోయిన కరెంటు పని మాత్రం ఇంక ఎవరి కంటా పడదు.

ముందు నా తప్పు చెప్తాను, ఇంతవరకు మీ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నాకు కరెంటు పని చేసే పర్మిట్ వచ్చిన కొత్తలో తెలిసినాయన ఒకరు కాగితం తెచ్చి, మీటరు కోసం వైరింగ్ బాగుందనే టెస్ట్ రిపోర్ట్ కావాలి, సంతకం పెట్టు అన్నాడు. ఆ ఇల్లు నేను చూడలేదు. పెట్టేశాను. ఆ వానాకాలంలోనే ఆ ఇంటి ముసలమ్మ తడి చీర ఆరేయబోయి దండెం తీగ పట్టుకుంది. ఇంట్లోంచి బాత్రూముకు లాగిన వైరును దండెం కట్టిన ఇనుప గుంజకే చుట్టారు, అతుకు మీద టేపు ఎండకు ఊడిపోయింది, లీకైన కరెంటును భూమిలోకి పంపే ఎర్తింగ్ ఆ ఇంటికి అసలే లేదు. మనవడు కట్టెతో కొట్టి విడిపించాడు కాబట్టి బతికింది. కానీ ఆమె కుడిచేతి మూడు వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. నేను వెళ్లి చూసి వచ్చాను. ఆ రోజు నుంచి చూడని ఇంటికి సంతకం పెట్టలేదు.

అందుకే నిన్ను మొదట అడిగేది, మీ దగ్గర పని చేస్తున్న అబ్బాయికి వైర్‌మన్ పర్మిట్ ఉందా? వాళ్ల సేటుకు కాంట్రాక్టర్ లైసెన్స్ ఉందా? మొహమాటపడకుండా కార్డు చూపించమని అడుగు, గడువు తేదీ చూడు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో ఇచ్చిన భద్రతా నిబంధనల్లోనూ ఇదే ఉంది, లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరే, అర్హత సర్టిఫికెట్ ఉన్న మనిషి పర్యవేక్షణలో చేయించాలని. మన ఊళ్లలో చేసేది ఒకరు, సంతకం పెట్టేది ఇంకొకరు. పని చేసే పిల్లవాడు మంచివాడే కావచ్చు, చేతి నైపుణ్యం కూడా ఉండొచ్చు, కానీ రేపు ఏదైనా జరిగితే జవాబు చెప్పే మనిషి ఎవరో నీకు ఇవాళే తెలియాలి. సంతకం పెట్టేవాడు నీ ఇంటికి వచ్చి, నీ ముందు టెస్ట్ చేసి, నీ ముందే పెట్టాలి.

పాయింటుకింత అని మాట్లాడుకున్నానన్నావు చూడు, అక్కడే చిక్కు. పాయింటు లెక్కలో లైటు వస్తుంది, ఫ్యాను వస్తుంది, సాకెట్ వస్తుంది, ఎర్తింగ్ రాదు, టెస్టింగ్ రాదు. లెక్కలో లేని పని ఎవరూ మనసు పెట్టి చేయరు. ఆ రెండింటికీ వేరేగా డబ్బు మాట్లాడుకో, కాగితం మీద రాయించుకో.

ఎర్తింగ్ గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే మన నేల అలాంటిది. దేవరకొండ వైపు రెండడుగులు తవ్వితే రాయి తగులుతుంది, వేసవిలో మట్టి బొక్కెనెడు నీళ్లు పోసినా పీల్చేసేంత ఎండిపోతుంది. ఎండిన మట్టి కరెంటును లోపలికి పోనివ్వదు. రెండడుగుల కడ్డీ కొట్టి ఎర్తింగ్ అయిపోయింది అంటే ఒప్పుకోకు. రెండున్నర మీటర్ల జీఐ పైపు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపు దిగాలి, బొగ్గు, ఉప్పు వేయాలి, గోడకు కనీసం మీటరున్నర దూరం ఉండాలి. బట్టలుతికే నీళ్లు పారే చోటు చూసుకుంటే ఎప్పుడూ తడి ఉంటుంది. పైన చిన్న తొట్టి కట్టించి ఎండాకాలం వారానికోసారి నీళ్లు పొయ్యి. రాయి అడ్డొస్తే చోటు మార్చమను, పైపు కోసేయడం వద్దు. ఎర్త్ కొలిచే మీటరుతో కొలిపిస్తే నిరోధం 5 ఓమ్‌ల లోపు వస్తే నిశ్చింత.

ఇంకో పని చేస్తారు, అది నాకు చాలా కోపం తెప్పిస్తుంది. ఎర్తింగ్ వైరు లాగే ఓపిక లేక సాకెట్ వెనకాల న్యూట్రల్‌కీ, అంటే కరెంటు తిరిగిపోయే వైరుకీ, ఎర్త్‌కీ కలిపి చిన్న వైరు ముక్క, జంపర్ వేసేస్తారు. బల్బు పెట్టి చూస్తే వెలుగుతుంది, ఎర్త్ ఉంది చూడమ్మా అంటారు. స్తంభం దగ్గరో మీటరు దగ్గరో న్యూట్రల్ తెగిందా, ఫ్రిజ్ తలుపు, వాషింగ్ మెషిన్, గీజర్ పైపు, అన్నింటి ఒంటి మీదకూ కరెంటు వచ్చేస్తుంది. ఒక్క సాకెట్ అయినా విప్పించి వెనకాల చూడు.

డీబీలో, అంటే ఇంటి మెయిన్ స్విచ్‌లుండే పెట్టెలో, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అదే లీకేజీ పట్టే స్విచ్, తప్పకుండా పెట్టించు. లోడెక్కువైతే పడిపోయే ఎంసీబీ ఉంది కదా అంటారు. ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషి ప్రాణం పోవడానికి కావలసినంత కరెంటుకు అది కదలనైనా కదలదు. ఆర్‌సీసీబీ అలా కాదు, పోయిన కరెంటు తిరిగి వచ్చిందా లేదా చూస్తుంది, తేడా వస్తే రెప్పపాటులో కట్ చేస్తుంది. కొత్త ఇళ్లలో అది మాటిమాటికీ పడిపోతుంటే, ఆర్‌సీసీబీ బాగాలేదని దాన్ని తప్పించి వైరు నేరుగా కలిపేస్తారు. బాగాలేనిది చాలాసార్లు అది కాదు, వైరింగే. ఇందాక చెప్పిన జంపర్ ఉన్నా పడిపోతుంది, ఇన్వర్టర్ న్యూట్రల్‌నూ ఇంటి న్యూట్రల్‌నూ ఒక్కటి చేసినా పడిపోతుంది. నువ్వు ఇన్వర్టర్ పెట్టిస్తానన్నావు కాబట్టి దాని న్యూట్రల్ వేరేగా లాగమని ఇప్పుడే చెప్పు, గోడ మూసాక పైపులో జాగా ఉండదు. ఆర్‌సీసీబీ మీద టి అని బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడు.

వైరు కొనడానికి ఆ అబ్బాయిని పంపకు, నువ్వే షాపుకు పో. లైట్లకు 1.5, సాకెట్లకు 2.5, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్లది. వైరు మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 694 అని, సీఎం/ఎల్ అనే లైసెన్స్ నంబరు ఉంటాయి. ఆ నంబరు ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీదో వస్తుంది. పేరు సరిపోకపోతే వెనక్కి ఇచ్చెయ్, బిల్లు లేకుండా తీసుకోకు.

ఇక ఈ రెండు రోజుల్లో చేయాల్సింది. ప్రతి గోడ దగ్గరా కొలత టేపు పట్టుకుని ఫొటో తీసిపెట్టు, రేపు మేకు కొట్టేటప్పుడు పనికొస్తుంది. జంక్షన్ బాక్సు లేని చోట ఎక్కడైనా వైరుకు అతుకు వేసే ఉద్దేశం ఉందా అని అడుగు. లైట్ల వైర్లూ గీజర్ వైర్లూ ఒకే పైపులో దూరుస్తున్నారేమో చూడు.

వైర్లు లాగాక, స్విచ్‌లు బిగించకముందు నాకు ఫోన్ చెయ్. జడ్చర్ల నుంచి కల్వకుర్తి మీదుగా పొద్దున బస్సెక్కితే పది గంటలకల్లా మీ దగ్గరుంటాను. వైరు పైపొర ఎంత గట్టిదో కొలిచే 500 వోల్టుల మెగ్గర్ నా దగ్గర ఇంకా ఉంది, ఒక్కో లైను ఒక మెగా ఓమ్‌కు తగ్గకుండా వస్తుందో లేదో నీ ముందే చూద్దాం. ఆ అబ్బాయినీ ఉండమను. కోప్పడను, నేర్పుతాను.

మీ పెద్దనాయన