తవుడు మీద బూజు దట్టంగా పెరుగుతోంది, అమైలేజ్ (పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టే ఎంజైమ్) మాత్రం తక్కువ వస్తోంది. ఏం మార్చాలి?

మిర్యాలగూడ మిల్లు తవుడు మీద ఆస్పర్జిల్లస్ ఒరైజే అనే బూజు పెంచేటప్పుడు ముందు చూడాల్సింది తేమే. తవుడు మరీ మెత్తన. నీళ్లు ఎక్కువైతే ముద్దకట్టి గాలి ఆడదు, బ్యాక్టీరియా చేరి పుల్లటి వాసన వస్తుంది. అందుకే 8 గ్రాముల తవుడులో 2 గ్రాముల ఊక కలపండి. పీహెచ్ 5.5 ఉన్న లవణ ద్రావణం 9 మి.లీ. పోసి, 121 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఆటోక్లేవ్ చేయండి (ఒత్తిడితో కూడిన ఆవిరితో సూక్ష్మజీవులను చంపడం). పూర్తిగా చల్లారాక, మిల్లీలీటరుకు కోటి సిద్ధబీజాలు (బూజు స్పోర్లు) ఉన్న ద్రవం 1 మి.లీ. వేయండి. తేమ సుమారు 55 శాతానికి వస్తుంది.

ఉష్ణోగ్రత 30 డిగ్రీలు. పెరిగే బూజు తనే వేడి పుట్టిస్తుంది కాబట్టి పొర 2 సెం.మీ. దాటనివ్వకండి, రోజుకోసారి ఫ్లాస్కు తట్టి ముద్దలు విడగొట్టండి. నల్లగొండ ఎండల్లో గదిలో పెడితే కుదరదు, చల్లబరిచే ఇన్‌క్యుబేటర్ కావాల్సిందే.

గ్లూకోజ్ కలపొద్దు. తేలిగ్గా దొరికే చక్కెర ఉంటే శిలీంధ్రం అమైలేజ్ తయారీ తగ్గించేస్తుంది, బూజు మాత్రం బలంగానే కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే మోసపోతారు.

48 గంటల నుంచి 12 గంటలకో ఫ్లాస్కు తీసి అమైలేజ్ కొలవండి. సాధారణంగా 72–96 గంటల మధ్య గరిష్ఠం దొరుకుతుంది. పచ్చటి బీజాలు కమ్మేదాకా ఆగితే, ప్రోటియేజ్‌లు (ప్రోటీన్లను విడగొట్టే ఎంజైమ్‌లు) అమైలేజ్‌ను ముక్కలు చేస్తాయి.