కట్టేసి ఉన్న ఓడల్లో చూడటానికి ఏముంటుంది?

రేవు గట్టు మీద గంటసేపు నిలబడినా ఒక్క ఓడా కదలలేదని, విసుగొచ్చిందని మీరు రాశారు. మొదట్లో నాదీ అదే పరిస్థితి. పెద్ద ఓడ కనిపిస్తే ఒక ఫొటో తీసుకుని వచ్చేసేవాణ్ణి. కట్టేసిన ఓడ కూడా రోజంతా పైకీ కిందికీ కదులుతుందని ఆలస్యంగా తెలిసింది.

ఓడ ముందూ వెనుకా పక్కలకు నిలువుగా అంకెలు ఉంటాయి చూడండి. ఓడ ఎంత లోతు మునిగిందో చెప్పే కొలత అది. మీటర్ల లెక్కలో ఒక్కో అంకె ఎత్తు 10 సెంటీమీటర్లు. నీరు అంకె అడుగు అంచును తాకితే సరిగ్గా అంత లోతన్నమాట. ఒకరోజు ఉదయం నీళ్లు 9 దగ్గర ఉన్నాయి. సాయంత్రానికి ఓడ గట్టుకంటే బాగా పైకి లేచింది. సరుకు దించేశారనుకున్నాను. తీరా చూస్తే అదే 9! లేపింది సముద్రపు పోటు. పోటుకు నీళ్లూ ఓడా కలిసే లేస్తాయి కనుక అంకె మారదు, గట్టు నుంచి ఓడకు వేసిన మెట్ల వాలు మారుతుంది. సరుకు ఎక్కినా దిగినా మాత్రం అంకె మారుతుంది.

నడుమ భాగంలో అడ్డగీత కోసిన వలయం ప్లిమ్‌సోల్ గుర్తు. ఓడను అంతకుమించి ముంచకూడదు. 1876లో బ్రిటన్ చట్టం దీన్ని తప్పనిసరి చేసింది కానీ, ఎక్కడ గీయాలన్నది యజమానుల ఇష్టానికే వదిలేసింది! ఆ స్థానాన్ని కూడా చట్టమే నిర్ణయించడానికి మరో పదేళ్లకు పైగానే పట్టింది.

ఓడ పక్క నుంచి నీళ్లు ధారగా పడుతుంటే నాలాగా కంగారుపడకండి. ఓడకు చిల్లు పడిందని కాపలాదారుకు చెబితే ఆయన నవ్వి ఊరుకున్నారు. ఖాళీ ఓడ నిలకడ కోసం అడుగున నీళ్లు నింపుకుంటుంది, సరుకు ఎక్కేకొద్దీ వాటిని వదిలేస్తుంది.

కదలికే కావాలంటే సగం తెలుపు, సగం ఎరుపు జెండా ఎగిరే ఓడను కనిపెట్టుకుని ఉండండి. దారి చూపే పైలట్ ఓడలో ఉన్నారని దాని అర్థం. కాసేపట్లో టగ్గులు, అంటే పెద్ద ఓడల్ని నెట్టి, లాగి కదిలించే చిన్న పడవలు, వచ్చి ఆనుకుంటాయి. నాకైతే ఓడకంటే వాటి పనే చూడముచ్చటగా ఉంటుంది.

అన్నట్టు, బిగిసిన మోకుకు దగ్గరగా మాత్రం నిలబడకండి. తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది, తప్పుకునే వ్యవధి ఉండదు.