నా పాపానికి ఆయనెందుకు చావాలి?

ప్రశ్న: యేసు సిలువ మీద చనిపోతే నా పాపాలు ఎలా పోతాయి? ఒకరి తప్పుకు ఇంకొకరికి శిక్ష వేయడం అన్యాయం కాదా? నమ్మితే చాలంటే ఇక మంచిగా బతకడం దేనికి?

జవాబు: ఈ సందేహం చాలామందికి ఉంటుంది, పైకి అడగరంతే. దేవుడు ఎవరో అమాయకుణ్ణి పట్టుకొచ్చి మీ బదులు శిక్షించాడు అనుకుంటే అది అన్యాయమే, కానీ క్రైస్తవ విశ్వాసం చెప్పేది అది కాదు. సిలువ మీద ఉన్నది దేవుని కుమారుడు, అంటే తీర్పు తీర్చాల్సిన దేవుడే ఆ భారాన్ని తన మీద వేసుకున్నాడు, అదీ ఇష్టపూర్వకంగా. తన ప్రాణం ఎవరూ తీసుకోవడం లేదని, తానే పెడుతున్నానని యేసు చెప్పిన మాట యోహాను సువార్త 10వ అధ్యాయంలో ఉంది. అప్పు మాఫీ చేస్తే ఆ నష్టం ఎక్కడికీ పోదు, ఇచ్చినవాడే భరిస్తాడు, క్షమాపణా అంతే.

లూకా సువార్త 23వ అధ్యాయంలో యేసు పక్క సిలువ మీదున్న నేరస్థుణ్ణి చూడండి. బాప్తిస్మం లేదు, చేసిన తప్పు సరిదిద్దుకునే టైమ్ లేదు, నన్ను జ్ఞాపకం చేసుకో అని మాత్రం అడిగాడు, ఈ రోజే నాతో పరదైసులో, అంటే పరలోకంలో ఉంటావు అని యేసు నుంచి జవాబు విన్నాడు. నాకైతే రక్షణ, అంటే పాపం నుంచి విడుదల గురించి ఇంతకంటే సూటిగా చెప్పే చోటు బైబిల్లో కనపడదు.

ఇక మంచి పనులు. రక్షణ క్రియల వల్ల కాదని ఎఫెసీ పత్రిక 2:9లో ఉంది, సత్క్రియల కోసమే మనల్ని సృష్టించాడని వెంటనే 10వ వచనంలో ఉంది. పన్నులు వసూలు చేసే జక్కయ్య విషయంలోనూ యేసు ముందు అతని ఇంటికి వస్తానన్నాడు, ఆ తర్వాతే అతను సగం ఆస్తి పేదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానని లేచి నిలబడ్డాడు.