రైలు సందేహాలు: అమెరికా గేజు, గడియారం, కప్లింగు

ప్రశ్న: మా నిజామాబాద్ మీటరు గేజు లైనును బ్రాడ్‌గేజు చేయడానికి ఏళ్లు పట్టింది. అమెరికాలో వేల మైళ్ల గేజును రెండు రోజుల్లోనే మార్చారట. నిజమేనా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: నిజమే. 1886 మే 31, జూన్ 1 తేదీల్లో దక్షిణ రాష్ట్రాల్లో 11 వేల మైళ్లకు పైగా లైనును మార్చారు. కానీ తేడా ఎంతో చూడండి. 5 అడుగుల గేజు (రెండు పట్టాల మధ్య దూరం) 4 అడుగుల 9 అంగుళాలైంది. ఒక పట్టాను కదపకుండా, రెండోదాన్ని 3 అంగుళాలు లోపలికి జరిపితే చాలు. స్లీపర్లూ (పట్టాల కింది అడ్డదుంగలు) వంతెనలూ పాతవే. మీ లైను 1000 మిల్లీమీటర్ల నుంచి 1676కు పోవాలి. పాత స్లీపరు పొడవే సరిపోదు, ఇక వంతెనలు, ప్లాట్‌ఫారం అంచులు సరేసరి.

రెండు రోజులన్నది పట్టా జరిపిన సమయం మాత్రమే. అసలు కష్టమంతా అంతకుముందే పడ్డారు. పట్టా కొత్తగా కూర్చునే చోట చెక్క స్లీపరును బాడిసెతో చదును చేశారు. అక్కడ ఎత్తుపల్లాలుంటే పట్టా ఒరుగుతుంది, మేకులు వదులవుతాయి. తర్వాత కొత్త స్థానానికి లోపలివైపు మేకులు ముందే దిగ్గొట్టారు. పాత స్థానంలో లోపలివైపు మేకుల్లో చాలావాటిని పీకేసి, రైళ్లు నడవడానికి కావలసినన్నే ఉంచారు. ఆ రోజు రాగానే మిగిలినవీ పీకి, గడ్డపారలతో పట్టాను కొత్త మేకుల తలల కిందికి నెట్టి, బయటివైపు మేకులు కొట్టారు. వంపుల్లో మాత్రం చిక్కే. బయటి పట్టాను లోపలికి జరిపితే దాని దారి పొడవు తగ్గుతుంది కాబట్టి అక్కడ పట్టా కోయాలి. ఇరుసుల మీద చక్రాలను లోపలికి నొక్కే పని వేరే.

ఇంత తంటా ఎందుకంటే, అప్పటిదాకా గేజు మారే స్టేషన్లో సరుకంతా దించి ఎక్కించాలి, లేదా పెట్టెను పైకెత్తి కింది బోగీలు మార్చాలి. (మనం పెట్టెనే బోగీ అంటాం గాని, నిజానికి బోగీ అంటే కింద ఉండే చక్రాల చట్రం.)

ప్రశ్న: అమెరికాలో ఒకే దేశానికి ఇన్ని టైములు రైళ్ల వల్లే వచ్చాయా?
– ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: ఉన్న టైములను తగ్గించింది రైళ్లే! భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. మన టైము 82.5 డిగ్రీల రేఖాంశానిది, వరంగల్ సుమారు 79.6 దగ్గరుంది. అందుకే మీ ఊళ్లో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో సగటున 12 గంటల 12 నిమిషాలవుతుంది. అమెరికాలో ఏ ఊరికి ఆ ఊరు సూర్యుణ్ణి బట్టే గడియారం పెట్టుకునేది. రైలు కంపెనీల టైములే 50కి పైగా ఉండేవి. ఒంటి లైనులో ఎదురెదురు రైళ్లు ఏ స్టేషన్లో తప్పుకోవాలో టైం టేబులే చెప్పేది. గడియారాలు కలవకపోతే గుద్దుకోవడమే. 1883 నవంబరు 18, ఆదివారం, కంపెనీలు తమంతట తామే ప్రామాణిక టైములు పెట్టుకున్నాయి. న్యూయార్క్ గడియారాలు దాదాపు 4 నిమిషాలు వెనక్కి జరిగాయి. చట్టం మాత్రం 1918లో గాని రాలేదు.

ప్రశ్న: కాజీపేట యార్డులో గూడ్సు వ్యాగన్లు మనిషి చేయి పెట్టకుండానే తగులుకుంటాయి. ఇదీ అమెరికాదేనా?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: ఔను. 1873లో జానీ అనే అతను పేటెంటు పొందిన కప్లింగు ఆ తరహాకు మూలం. అంతకుముందు అక్కడ ఇనుప లంకెలో చేత్తో పిన్ను దించాలి. వ్యాగన్ల మధ్య నిలబడి ఆ పని చేస్తూ వేళ్లూ ప్రాణాలూ పోగొట్టుకున్న కార్మికులు ఎందరో. 1893 చట్టం ఆటోమేటిక్ కప్లింగును తప్పనిసరి చేసింది, మంచి పని చేసింది. రెండు వ్యాగన్ల నకిళ్లు (కప్లింగు కొసన తెరుచుకుని మూసుకునే కొక్కేలు) మడిచిన వేళ్లలా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, లోపల తాళం దిగుతుంది. విడదీయడానికి పక్కన ఉండే లీవరు ఎత్తితే చాలు. కలిపేటప్పుడు కనీసం ఒక నకిల్ తెరిచి ఉండాలి. రెండూ మూసుకుని ఉంటే ఎంత గట్టిగా తాకినా తగులుకోవు.