పోస్టర్ మీద ఏం రాయాలి?

(డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేసి రిటైరైన పీడీ సారు యువత ఉత్తరాలకు ఇచ్చే జవాబులు)

ప్రశ్న: సార్, నేను డిగ్రీ రెండో సంవత్సరం, ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్‌ని. నవంబర్ 25 నుంచి డిసెంబర్ 10 వరకు స్త్రీలపై హింసకు వ్యతిరేకంగా ప్రచారం చేయమన్నారు. పోయినేడాది ర్యాలీ తీశాం, కొవ్వొత్తులు వెలిగించాం, 'స్త్రీని గౌరవించండి' అని ఫ్లెక్సీ కట్టాం. అబ్బాయిలు బాగానే వచ్చారు. ఆ వారంలోనే వాళ్ల వాట్సాప్ గ్రూపులో జూనియర్ అమ్మాయిల ఫొటోలకు మార్కులు వేసుకున్నారని తెలిసింది. అడిగితే "మేమేమన్నా రేపిస్టులమా?" అని మా మీదే కోప్పడ్డారు. ఈసారి వేరేగా ఎలా చేయాలి?
— ఒక విద్యార్థిని, జగిత్యాల

జవాబు: అమ్మా, ఆ అబ్బాయిలు నటించడం లేదు. ఆ నేరానికీ తమకూ ఏ సంబంధమూ లేదని నిజంగానే నమ్ముతున్నారు. మనం వాళ్లకు ఎప్పుడూ చూపించిన నేరస్థుడు చీకట్లో మాటు వేసిన ముక్కూమొహం తెలియనివాడే. 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర వెటర్నరీ డాక్టర్‌ను పొట్టనబెట్టుకున్నప్పుడు ఊరూరా కాలేజీ పిల్లలు రోడ్డెక్కారు. నా కబడ్డీ జట్టు కూడా వచ్చింది. వాళ్ల దుఃఖం నిజమైనదే. అయితే 'ఉరి తీయాలి' అనే నినాదంలో, ఆ నినాదం ఇచ్చినవాడు చేయాల్సిన పని ఒక్కటీ లేదు. ఉరి ఇంకెవరో తీయాలి. వాడు ఇంటికి వెళ్లి అన్నం తిని పడుకోవచ్చు.

జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ఇచ్చే లెక్కలు తీసి చూడు. అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితుడు ఆమెకు తెలిసినవాడే. చుట్టం, పక్కింటివాడు, స్నేహితుడు, పెళ్లి చేసుకుంటానని తిరిగినవాడు. అంటే ఆ మనిషికి కూడా ఒక ఫ్రెండ్స్ బ్యాచ్ ఉంటుంది. వాడి మాటలు, వాడి చూపులు ముందునుంచీ గమనించినవాళ్లు ఉంటారు. మన ప్రచారం మాట్లాడాల్సింది వాళ్లతో. అందుకని పోస్టర్ మీద రాక్షసుడి బొమ్మ, సంకెళ్ల బొమ్మ, ఏడుస్తున్న అమ్మాయి బొమ్మ వద్దు.

కెనడాలో ఎడ్మంటన్ అనే నగరం ఉంది. రాత్రిపూట ఒంటరిగా వెళ్లకు, నీ గ్లాసు జాగ్రత్త అని అమ్మాయిలకు చెప్పే పోస్టర్లే అన్నిచోట్లా కనిపించే కాలంలో, 2010లో అక్కడ ఆ పద్ధతిని తిరగేశారు. కుర్రాళ్లకే సూటిగా చెప్పారు: ఆమె వద్దనలేదంటే సరేనన్నట్టు కాదు, అలాంటివాడివి కావద్దు అని. మన దగ్గర 2008లో బ్రేక్‌త్రూ సంస్థ 'బెల్ బజావో' ప్రచారం మొదలుపెట్టింది. అది గృహహింస గురించి. పక్కింట్లో దెబ్బలు వినిపిస్తుంటే ఒక మగాడు లేచి వెళ్లి బెల్ కొడతాడు. పాలు ఉన్నాయా అనో, ఒక ఫోన్ చేసుకోవచ్చా అనో అడుగుతాడు. అంతే. ఉపన్యాసం లేదు, ఫైటింగ్ లేదు. నాకు అది చాలా నచ్చింది, ఎందుకంటే చూసినవాడికి రేపు తను ఏం చేయాలో తెలిసిపోతుంది. 'గౌరవించండి' అంటే ఏం చేయాలో మీ క్లాసు అబ్బాయికి తెలియదు. కింద ఇచ్చినట్టు రాయండి, మీ ఊరి మాటల్లో ఇంకా బాగా రాయగలరు:

"ఆ వీడియో నీదాకా వచ్చింది. నీ దగ్గరే ఆపెయ్."

"నీ దోస్తు ఆమె వెనకే బస్టాండ్ దాకా పోతున్నాడు. 'రారా, చాయ్ తాగుదాం' అని వాణ్ని పట్టుకుపో."

"నవ్వింది అంటే ఒప్పుకుందని కాదు. అడుగు. వద్దంటే వచ్చెయ్."

పోస్టర్ అంటించే ముందు ఒక పని చేయండి. అబ్బాయిలకు తెల్ల చీటీలు ఇచ్చి, పేర్లు లేకుండా రెండు ప్రశ్నలకు జవాబు రాయించండి. గ్రూపులో అమ్మాయిల గురించి వెకిలి కామెంట్లు వస్తే నీకు ఇబ్బందిగా ఉంటుందా? మిగతా అబ్బాయిలకు ఇబ్బందిగా ఉంటుందని అనుకుంటున్నావా? నా జట్టులో నేనిలా రాయించినప్పుడు చాలామంది మొదటిదానికి అవునని, రెండోదానికి లేదని రాశారు. ప్రతివాడూ తనొక్కడికే నచ్చలేదనుకుని, అందరితోపాటు నవ్వుతున్నాడు. అమెరికా యూనివర్సిటీల్లో జరిగిన అధ్యయనాల్లోనూ ఇదే తేలింది. చీటీల లెక్కను బోర్డు మీద వాళ్ల ముందే వేయండి. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది. మీ ప్రచారం అక్కణ్నుంచి మొదలుపెట్టండి.

ఇక చెప్పేది ఎవరు? ప్రిన్సిపల్ గారు చెప్తే చేతులు కట్టుకుని వింటారు, అంతవరకే. జట్టు కెప్టెన్ చెప్పాలి, బాగా బౌలింగ్ చేసే సీనియర్ చెప్పాలి, వాళ్లు భయపడని పీడీ చెప్పాలి. అమెరికాలో స్కూల్ కోచ్‌ల చేతే ఆటగాళ్లకు ఈ పాఠాలు చెప్పించే పద్ధతి ఒకటుంది. ప్రాక్టీస్ ముందు కాసేపు, సీజన్ అంతా. శాక్రమెంటో ప్రాంతంలో 16 హైస్కూళ్లలో దాన్ని పరీక్షించి 2012లో ఫలితాలు ప్రకటించారు. తోటివాడి తప్పును అడ్డుకునేవాళ్లు పెరిగారు. అదే పద్ధతిని 'పరివర్తన్' పేరుతో ముంబైలో క్రికెట్ కోచ్‌ల ద్వారా నడిపారు. అక్కడ పిల్లల ఆలోచనల్లో మార్పు కనిపించింది గానీ, అడ్డుకోవడంలో అంత కనిపించలేదు. ఈ సంగతి నీకు ఎందుకు చెబుతున్నానంటే, పదహారు రోజుల్లో ఏమీ మారలేదని మీరు నీరసపడిపోకూడదు. ఆట నేర్పినట్టే ఇది కూడా రోజూ చేయించాలి. ర్యాలీ ఒక్కరోజు పెట్టుకోండి, మాటలు మాత్రం ఏడాదంతా సాగనివ్వండి.

పోలీసు శాఖ షీ టీమ్ వాళ్లను తప్పకుండా పిలవండి. 2014 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో మొదలైన ఈ బృందాలు పట్టుబడ్డ కుర్రాళ్లకు కౌన్సెలింగ్ కూడా ఇస్తున్నాయి, వాళ్ల అనుభవం విలువైనది. అయితే మొదటి సభకు పిలవకండి. యూనిఫాం చూడగానే మనవాళ్లు 'దొరక్కూడదు' అనే పాఠం ఒక్కటే నేర్చుకుంటారు. ముందు మనసు విప్పి మాట్లాడుకోనివ్వండి.

ఇంకో సంగతి, దీన్ని మాత్రం మర్చిపోవద్దు. మీరు ఈ విషయం ఎత్తగానే, ఎవరో ఒకరు పక్కకు వచ్చి "నాకూ జరిగింది" అంటారు. అమ్మాయే కావచ్చు, చిన్నప్పుడు చుట్టం చేతిలో నలిగిన అబ్బాయి కూడా కావచ్చు. ఎందుకు వెళ్లావు, ఎందుకు చెప్పలేదు అని అడగకండి. వినండి, నమ్మండి, వాళ్లు ఒప్పుకోకుండా ఇంకొకరికి చెప్పకండి. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే జిల్లాలో ఉన్న సఖి కేంద్రం దాకా దారి చూపిస్తారు. అక్కడ డాక్టరు, లాయరు, కౌన్సెలర్ సాయం ఒకేచోట దొరుకుతుంది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలైతే 1098, అప్పుడు మాత్రం పోలీసులకు చెప్పక తప్పదు. ఈ నంబర్లు పోస్టర్ అడుగున పెద్ద అక్షరాల్లో వేయించండి.

ప్రశ్న: మా అమ్మాయికి కరాటే నేర్పిస్తున్నాం, ఫోన్‌లో పోలీసు యాప్ పెట్టాం. మగపిల్లలకు ఈ క్లాసులు దేనికండీ? చెడ్డవాడు పోస్టర్ చూసి మారతాడా?
— ఒక తండ్రి, తెనాలి

జవాబు: కరాటే మంచిదేనండీ, మానిపించకండి. కానీ మీరు నేర్పిస్తున్నది దాడి మొదలయ్యాక పనికొచ్చేది, అదీ తెలియనివాడు మీద పడితే. మేనమామ వరసవాడు, ట్యూషన్ మాస్టారు, ప్రేమిస్తున్నానన్నవాడు అయితే పిల్ల చెయ్యి లేవదు. పోస్టర్ చూసి చెడ్డవాడు మారతాడని నేనూ అనుకోవడం లేదు. అది వాడి పక్కన నిలబడ్డ నలుగురి కోసం. ఆ నలుగురూ నవ్వడం మానేస్తే వాడికి ధైర్యం సగం పోతుంది. మీ ఇంట్లో అబ్బాయి కూడా ఉంటే, అక్క పడే జాగ్రత్తలన్నీ వాడికి తెలియనివ్వండి. ఎందుకు పడాల్సి వస్తోందో మీరే కూర్చోబెట్టి చెప్పండి.

ప్రశ్న: మా హాస్టల్ గ్రూపులో ఒకడు తన గర్ల్‌ఫ్రెండ్ వీడియో పెట్టాడు. అందరూ నవ్వే ఎమోజీలు పెట్టారు. నాకు నచ్చలేదు, అలాగని ఏమీ అనలేదు. ఎదురు చెప్తే నన్ను వెలేస్తారు. కేసైతే నన్నూ ఇరికిస్తారేమోనని టెన్షన్‌గా ఉంది.
— పేరు వద్దు, హైదరాబాద్

జవాబు: నాయనా, ముందు చట్టం సంగతి. ఆ అమ్మాయి ఒప్పుకుని తీయనిచ్చిన వీడియో అయినా సరే, ఆమె ఒప్పుకోకుండా ఇంకొకరికి పంపితే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల జైలు. ఐటీ చట్టం కేసు అదనం. నువ్వు ఫార్వర్డ్ చేస్తే నువ్వూ అందులో ఉన్నట్టే. ఆమెకు పద్దెనిమిదేళ్లు నిండకపోతే ఆ వీడియోను ఫోన్‌లో ఉంచుకోవడం కూడా నేరం. అప్పుడు ఆలోచించుకుంటూ కూర్చోకూడదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం, సంగతి తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి.

ఏ గ్రూపు, ఎవరు పెట్టారు, ఏ రోజు, ఎన్ని గంటలకు అన్నది రాసిపెట్టుకో. తర్వాత వాణ్ని ఒంటరిగా పట్టుకో. పదిమందిలో అడిగితే పరువు కోసం ఎదురు తిరుగుతాడు. "అరేయ్, ఆమె నిన్ను నమ్మింది. ఇప్పుడే తీసెయ్" అను. కదలకపోతే అడ్మిన్‌కు చెప్పు. ఎవరు పెట్టిన మెసేజ్ అయినా అందరి ఫోన్లలోంచి పోయేలా అడ్మిన్ డిలీట్ చేయగలడు. గ్రూపులో నువ్వు రాయాల్సింది కూడా ఒక్క లైనే: "ఇది నాకు నచ్చలేదు." నీలాగే నోరు మూసుకుని కూర్చున్న ఇంకొకడు దానికోసమే ఎదురుచూస్తున్నాడని నా అనుభవంతో చెబుతున్నాను.

ఆ అమ్మాయికి తెలియాలి. ఆమె నమ్మే స్నేహితురాలి ద్వారా చెప్పించు, వీడియో మాత్రం పంపొద్దు. ఫిర్యాదు చేయాలంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930, లేదా సైబర్ క్రైమ్ పోర్టల్. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లకు పాకుతుందని భయమైతే 'స్టాప్ ఎన్‌సీఐఐ' అనే సైటు ఉంది. వీడియో ఎవరికీ పంపనక్కర్లేకుండా, ఆ అమ్మాయి తన ఫోన్లోంచే దాని డిజిటల్ గుర్తు నమోదు చేసి అడ్డుకోవచ్చు. ఆమెకు పద్దెనిమిదేళ్లు నిండి ఉంటే, కేసు పెట్టాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. నువ్వు తొందరపెట్టొద్దు, ఆపొద్దు. పెడతానంటే మాత్రం సాక్షిగా నీ పేరు ఇవ్వు.