సిమ్యులేషన్ ఒక్కటే వస్తే యాంటెనా డిజైనర్ కాగలనా?

ప్రశ్న: ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. వైడ్‌బ్యాండ్ (విశాలమైన ఫ్రీక్వెన్సీ పరిధి వాడే) కమ్యూనికేషన్‌కు ఉపయోగపడే చిన్న మైమో (ఒకే పరికరంలో పలు యాంటెనాలు వాడే పద్ధతి) యాంటెనాల డిజైన్‌లో పీజీ చేయాలనుకుంటున్నాను. సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే సరిపోతుందా? ఉద్యోగావకాశాలు ఎలా ఉంటాయి?

జవాబు: మీరు ఎంచుకున్న విభాగం మంచిదే. అయితే సాఫ్ట్‌వేర్ ఒక్కటే నేర్చుకొని వస్తే ఇందులో ఎక్కువ కాలం నిలదొక్కుకోలేరు. యాంటెనా ఆకారాన్ని తెరపై గీసి, గ్రాఫ్ బాగా వచ్చేదాకా కొలతలు మారుస్తూ పోవడం కొద్ది నెలల్లో ఎవరికైనా పట్టుబడుతుంది. ఆ గ్రాఫ్ ఎందుకు బాగా వచ్చిందో చెప్పాలంటే మాత్రం విద్యుదయస్కాంత సిద్ధాంతం, ట్రాన్స్‌మిషన్ లైన్లు (సిగ్నల్‌ను మోసే లైన్లు), యాంటెనాకూ లైనుకూ పొంతన చూసే స్మిత్ చార్ట్ క్షుణ్ణంగా తెలియాలి.

ఈ రంగంలోని అసలు చిక్కు చోటుకు సంబంధించినది. అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2002లో అల్ట్రా వైడ్‌బ్యాండ్ కమ్యూనికేషన్‌కు 3.1 నుంచి 10.6 గిగాహెర్ట్జ్ వరకు అనుమతించింది. 3.1 గిగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం దాదాపు 97 మిల్లీమీటర్లు కాగా, రెండు యాంటెనాల మధ్య అందులో సగం, అంటే 48 మిల్లీమీటర్ల దూరం ఉంచడం సాధారణ పద్ధతి. అరచేతిలో ఇమిడే పరికరంలో నాలుగు యాంటెనాలకు అంత చోటు దొరకదు. దగ్గరగా పెడితే ఒకదానికి ఇచ్చిన శక్తిలో కొంత ప్రసారం కాకుండా పక్కదానిలోకి చేరిపోతుంది. దీన్నే కప్లింగ్ అంటారు. కప్లింగ్ మైనస్ 10 డెసిబెల్స్ అయితే అలా చేరే శక్తి 10 శాతం, మైనస్ 20 అయితే 1 శాతం. దీన్ని తగ్గించడానికి యాంటెనాలను పరస్పరం లంబంగా అమర్చుతారు, గ్రౌండ్ ప్లేన్‌లో (యాంటెనాకు ఆధారంగా ఉండే లోహపు పొరలో) స్లాట్లు కోస్తారు, మధ్యలో స్టబ్ (చిన్న లోహపు పట్టీ) పెడతారు, లేదా కప్లింగ్‌ను రద్దు చేసేలా రెండు యాంటెనాల మధ్య న్యూట్రలైజేషన్ లైన్ అనే సన్నని లైన్ కలుపుతారు. వీటిలో చాలావాటి ప్రభావం ఇరుకైన బ్యాండ్‌కే పరిమితం కాబట్టి, మొత్తం బ్యాండ్‌లో పనిచేసే మార్గం వెతకడమే డిజైనర్ నేర్పు.

విద్యార్థులు తరచుగా మోసపోయే చోటు ఒకటుంది. పరిమాణం తగ్గించినకొద్దీ బ్యాండ్‌విడ్త్‌నో ఎఫిషియెన్సీనో (ఇచ్చిన శక్తిలో ప్రసారమయ్యే వంతునో) వదులుకోక తప్పదని చూ (Chu) అనే శాస్త్రవేత్త 1948లోనే సిద్ధాంతపరంగా చూపించారు. ఎఫ్‌ఆర్-4 (మామూలు సర్క్యూట్ బోర్డుల పదార్థం) వంటి నష్టం ఎక్కువగా ఉండే బోర్డు మీద శక్తి వేడిగా ఖర్చవుతుంది గనుక బ్యాండ్‌విడ్త్ పెరిగినట్టు, కప్లింగ్ తగ్గినట్టు కనిపిస్తుంది. అది డిజైన్ గొప్పతనం కాదు. రెండు యాంటెనాలు అందుకునే సిగ్నళ్లు ఎంత ఒకేలా ఉన్నాయో చెప్పే కోరిలేషన్ గుణకాన్ని ఎస్-పారామీటర్ల (యాంటెనా పోర్టుల వద్ద కొలిచే ప్రతిఫలన, కప్లింగ్ విలువల) నుంచి లెక్కించే సులభ సూత్రం కూడా నష్టం లేని యాంటెనాకే వర్తిస్తుంది. అందువల్ల ఆ గుణకాన్ని రేడియేషన్ ప్యాటర్న్ (ఏ దిశలో ఎంత ప్రసారమవుతుందో చూపే చిత్రం) నుంచి లెక్కించడం, ఎఫిషియెన్సీని తప్పక చూపించడం మొదటి నుంచీ అలవాటు చేసుకోండి.

ఇక ఉద్యోగాల విషయం. ఫోన్లు, వైఫై రూటర్లు, బేస్ స్టేషన్లు, వాహనాలు, ఉపగ్రహాలు, రక్షణ పరికరాలు తయారుచేసేవారందరికీ యాంటెనా, ఆర్ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) ఇంజినీర్లు కావాలి. సాఫ్ట్‌వేర్ రంగంతో పోలిస్తే ఖాళీలు తక్కువ. డిజైన్ ఉద్యోగాలకు చాలాచోట్ల పీజీ అడుగుతారు. అందుకని యాంటెనాలతో పాటు మ్యాచింగ్ సర్క్యూట్లు (యాంటెనాకు శక్తి సరిగా చేరేలా చూసేవి), ఈఎంసీ (పరికరాలు ఒకదానికొకటి అంతరాయం కలిగించకుండా చూసే) పరీక్షలు కూడా నేర్చుకుంటే అవకాశాల పరిధి పెరుగుతుంది.

పీజీకి ముందు, చివరి సంవత్సరం ప్రాజెక్టుగా రెండు మోనోపోల్స్ (ఒంటి కడ్డీ తరహా యాంటెనాలు) మాత్రమే ఉన్న చిన్న బోర్డు తీసుకోండి. సిమ్యులేషన్‌కు ఉచితంగా దొరికే ఓపెన్‌ఈఎంఎస్ సరిపోతుంది. స్టబ్ లేకుండా ఒకటి, స్టబ్‌తో ఒకటి తయారుచేయించి, వెక్టర్ నెట్‌వర్క్ అనలైజర్ (ఎస్-పారామీటర్లు కొలిచే పరికరం) మీద రెండింటినీ కొలవండి. గ్రౌండ్ ప్లేన్ చిన్నది కావడంతో కరెంటు కొలిచే కేబుల్ మీదికి కూడా పాకి, కేబుల్ కూడా యాంటెనాలో భాగమైనట్టు ప్రవర్తిస్తుంది. ఫలితం సిమ్యులేషన్‌తో కలవకపోవచ్చు. అలా జరిగితే కంగారుపడకుండా కేబుల్‌ను కదిలించి, ఫెరైట్ పూసలు తొడిగి మళ్లీ కొలిచి, తేడాకు కారణమేమిటో మీ నివేదికలో వివరంగా రాయండి. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు ఆ రెండు బోర్డులనూ వెంట తీసుకువెళ్లండి.